బూజు విషాలపై సుగంధ తైలాలు: ఎంతవరకు పనికొస్తాయి?

సంధానకర్త: వేరుశనగ, మొక్కజొన్న వంటి గింజలకు పట్టే బూజును లవంగం, వాము, దాల్చినచెక్క తైలాలతో అదుపు చేయవచ్చని పరిశోధకులు అంటున్నారు. డాక్టర్ గారూ, ఆ బూజుకు అంతగా ఎందుకు భయపడాలి?

శిలీంధ్ర శాస్త్రవేత్త: 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. దాణాలో కలిపిన వేరుశనగ పిండిని పరీక్షించగా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్లు అనే విషాలు బయటపడ్డాయి. వాటిలో బి1 రకం కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది, పైగా మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు. కాబట్టి విషం పుట్టకముందే బూజును ఆపాలి.

సంధానకర్త: తైలం ఆ పని ఎలా చేస్తుంది?

శాస్త్రవేత్త: లవంగంలోని యూజెనాల్, వాములోని థైమాల్ బూజు కణపు పొరకు పటుత్వమిచ్చే ఎర్గోస్టెరాల్‌ను తగ్గిస్తాయి, పొర దెబ్బతిని లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. ప్రయోగశాలలో బూజును పెంచే చిన్న గుండ్రటి పెట్రి పళ్లెం మూత లోపల కాగితపు బిళ్లపై ఒక్క చుక్క తైలం వేసి, బూజు నాటిన పళ్లాన్ని దానిపై బోర్లించి ఉంచితే, తైలం బూజును తాకకుండానే, కేవలం ఆవిరి వల్ల పెరుగుదల ఆగిపోవడం కనిపిస్తుంది. గింజల సందుల్లోకి చొరబడగల ఈ ఆవిరి గుణమే నాకు అన్నిటికన్నా ఆశ కలిగిస్తోంది.

ధాన్యం నిల్వ నిపుణురాలు: ఆ ఆశను కాదనను, కానీ పళ్లెంలో సరిపోయిన మోతాదు గింజల్లో చాలదు. గింజల్లోని కొవ్వు, మాంసకృత్తులు తైలాన్ని పట్టేసుకుంటాయి; మోతాదు పెంచితే రుచి మారిపోతుంది. తైలాన్ని కైటోసాన్ (రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) వంటి పదార్థపు సూక్ష్మ గుళికల్లో బంధించి నెమ్మదిగా విడుదలయ్యేలా చేసే ప్రయత్నాలు అందుకే జరుగుతున్నాయి. మొక్క రకాన్ని, కోత కాలాన్ని బట్టి తైలంలోని పదార్థాల పాళ్లు మారడం మరో చిక్కు.

సంధానకర్త: ఇప్పటికే బూజు పట్టిన గింజల సంగతేమిటి?

నిపుణురాలు: వాటికి తైలం రాయడం తప్పు. పైకి శుభ్రంగా కనిపించే వేరుశనగ గింజను చీల్చితే రెండు పప్పుల మధ్య పచ్చని పొడి కనిపించవచ్చు. తైలం ఆ బూజును చంపినా, అప్పటికే గింజలోకి చేరిన విషం అలాగే మిగులుతుంది. అంతకన్నా నన్ను భయపెట్టేది ఒకటుంది: ముక్కవాసన చూసి గింజను పారేయాలనుకునే మనిషికి లవంగం ఘాటు ఆ హెచ్చరికను అందకుండా చేస్తుంది.

శాస్త్రవేత్త: ఒప్పుకుంటాను. నీటి క్రియాశీలత, అంటే గింజలో బూజు వాడుకోగల తేమను 0 నుంచి 1 వరకు చెప్పే కొలత, 0.70 కన్నా తగ్గేదాకా గింజను ఎండబెట్టడమే మొదటి పని. తైలం దాని తర్వాతే.