ముందు ఊపిరి వదలండి

అందరికీ నమస్కారం. సెలవుల్లో పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని రుషికొండకో, అండమాన్‌కో వెళ్దామనుకుంటున్న కుటుంబాలు ఈ హాల్లో చాలానే ఉన్నాయి. అందరూ స్నార్కెలింగ్‌కని, అంటే నీటి మీద బోర్లా తేలుతూ, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ కింద ఉన్నవి చూడటానికని, మాస్కులు పెట్టుకుని నీళ్లలోకి దిగుతుంటే, "మీరు వెళ్లిరండి, చెప్పులూ ఫోన్లూ నేను చూస్తాలే" అని ఒడ్డునే కూర్చునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఈ సాయంత్రం చెప్పేదంతా ముందు వాళ్లకోసం. ఆ తర్వాత, "ఏం కాదు, రా" అని వాళ్ల చెయ్యి పట్టుకుని లాగేవాళ్లకోసం.

విశాఖలో పెరిగినవాళ్లకి సముద్రమంటే భయం ఉండటం పిరికితనం కాదు. ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతులో నిలబడినా సరే, వెనక్కి మళ్లే నీరు కాళ్ల కింది ఇసుకని తోడేస్తుంది. "లోపలికి పోకు" అని అమ్మమ్మలు, తాతయ్యలు అరిచింది ఊరికే కాదు. ఆ భయాన్ని అలాగే ఉంచుకోండి. దాంతో ఇంకా పని ఉంది, తర్వాత చెబుతాను.

స్నార్కెలింగ్ భయం మాత్రం వేరు. ఈత కొలనులో ఆ చివరి నుంచి ఈ చివరికి హాయిగా ఈదేవాళ్లు కూడా నడుం లోతు నీళ్లలో మాస్కు లాగి పారేసి పైకి లేచిపోతారు. పుట్టినప్పటినుంచీ ముక్కుతో పీల్చడానికి అలవాటుపడిన శరీరానికి ముక్కు మూసుకుపోయింది. పైగా ముఖానికి చల్లటి నీళ్లు తగలగానే ఊపిరి బిగబట్టడం శరీరం తనంతట తాను చేసే పని. బుద్ధి "గొట్టంలో గాలి ఉంది, పీల్చు" అంటుంటే, ఒళ్లు "ఆపు" అంటుంది. ఆ రెంటి మధ్య మనిషి చిన్న చిన్న ఊపిర్లు గబగబా తీస్తాడు. గండమంతా అక్కడే ఉంది.

కాస్త లెక్క చూద్దాం. మామూలుగా మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా గొంతులో, శ్వాసనాళాల్లోనే నిలిచిపోతుంది, ఊపిరితిత్తుల లోపలి గదులకి చేరదు. స్నార్కెల్ గొట్టం ఇంకో 100, 150 కలుపుతుంది. కంగారుగా 300 చొప్పున పీల్చేవాళ్లకి లోపలికి వెళ్లేది దాదాపు అంతా తాము ఇప్పుడే వదిలిన గాలే. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అది పేరుకుంటే గుండె దడదడలాడుతుంది, "గాలి చాలట్లేదు" అనిపిస్తుంది. దాంతో ఇంకా గబగబా పీలుస్తారు. దీనికి "ధైర్యంగా ఉండు" అనే మాట మందు కాదు. మందు ఒక్కటే, నిండుగా బయటికి వదలడం. నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఖాళీ చేస్తే నిండటం దానంతట అదే జరుగుతుంది.

"అయితే ఇంకా పొడవాటి గొట్టం పెట్టుకుంటే మరింత లోతుకు వెళ్లొచ్చు కదా" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. వెళ్లకూడదు. మీటరు లోతులో నీళ్లు పొడవూ వెడల్పూ పదేసి సెంటీమీటర్లున్న చదరం మీద అదనంగా పది కిలోల బరువుతో ఒత్తుతాయి. గొట్టంలో గాలి మాత్రం పైనున్న మామూలు గాలే. ఆ బరువును తోసుకుని ఛాతీ విచ్చుకోలేదు. అందుకే స్నార్కెల్ 40 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ మాస్కు అంచు చూడండి. పలచటి సిలికాన్ పొర. నీళ్లని ఆపేది ఈ పొరే, వెనక పట్టీ కాదు. కొనేముందు పట్టీ పెట్టుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చెయ్యి వదిలేసినా అది పడిపోకుండా అతుక్కుంటే మీ ముఖానికి సరిపోయినట్టే. నీళ్లు కారుతున్నాయని చాలామంది పట్టీ బిగిస్తారు. బిగించేకొద్దీ పొర మడత పడుతుంది, ఆ మడతలోంచే నీళ్లు వస్తాయి. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా కారుతుంది. కాబట్టి జడ వెనక్కి వేసి, ముంగురులు పైకి తోసి పెట్టుకోవాలి. నుదుటి బొట్టుబిళ్ల అంచు కిందికి వస్తే తీసేయాలి. మీసాలున్న మగవాళ్లు ముక్కు కిందనే ఓ రెండు మూడు మిల్లీమీటర్లు గీసేస్తే చాలు, మీసం పోదు. ఆ రోజు తలకి, ముఖానికి కొబ్బరినూనె వద్దు, మాస్కు జారిపోతుంది.

కొత్త మాస్కు గాజుకి లోపలివైపు కంటికి కనపడని పూత ఒకటుంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టు వేలితో రుద్ది, రెండుసార్లు కడిగేయండి. దిగేముందు ఒక చుక్క బేబీ షాంపూ రాసి, నీళ్లతో తొలిచేయండి. ఇవి చేయకపోతే రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి ఏమీ కనపడదు. కనపడకపోతే సగం భయం అక్కడే మొదలవుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి, ముందే అడిగి తెచ్చుకోండి.

మొత్తం ముఖాన్ని మూసే మాస్కు ముక్కుతో పీల్చుకోనిస్తుంది కాబట్టి భయపడేవాళ్లకి హాయిగా కనిపిస్తుంది. కొత్తవాళ్లకి అది వద్దు. లోపల చోటు ఎక్కువ, కవాటాలు సరిగా పనిచేయకపోతే వదిలిన గాలే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. కంగారులో గబుక్కున తీసేయడమూ కష్టమే. విడి మాస్కు, విడి గొట్టం ఉంటే నోట్లోంచి ఊసేస్తే చాలు.

ఇక సాధన. దీనికి సముద్రం అక్కర్లేదు, ఇంట్లో టబ్బు చాలు. మొదటి రోజు పొడిగానే, టీవీ చూస్తూ పది నిమిషాలు గొట్టంతో పీల్చండి. మునిపళ్లతో గట్టిగా కొరకొద్దు, దవడ నొప్పెడుతుంది. పెదాలతో మూయాలి, పళ్లు ఊరికే ఆనాలి. రెండో రోజు టబ్బులో నీళ్లు పోసి బల్ల మీద పెట్టి, కూర్చునే ముఖం ముంచండి. పదిసార్లు ఊపిరి తీసి, వదిలి, లేవండి. మూడో రోజు గొట్టంలోకి కావాలని కాసిని నీళ్లు పోయించుకుని, "టూ" అని ఒక్క ఊపున ఊదేయండి. నీళ్లు ఎగిరిపోతాయి. తర్వాతి ఊపిరి మాత్రం నెమ్మదిగా పీల్చాలి, మిగిలిన చుక్క ఒకటి గొంతులోకి రావచ్చు. మాస్కులోకి నీళ్లొస్తే పై అంచును వేళ్లతో నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో ఊదండి. నీళ్లు కింది నుంచి పోతాయి. గొట్టం కొసన బంతో, మూతో ఉన్న రకమైతే అల తగిలినప్పుడు అది గాలిని ఠక్కున ఆపేస్తుంది. అది కూడా టబ్బులోనే చూసుకోండి, సముద్రంలో మొదటిసారి చూడొద్దు.

తర్వాత ఈత కొలను, బీచ్ రోడ్డులోని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ లాంటిది. మాస్కులు తేవచ్చో లేదో ముందే అడగండి. ఛాతీ లోతులోనే గట్టు పట్టుకుని ముఖం ముంచండి. చాలామందికి ఎవరూ చెప్పనిది ఒకటుంది. బోర్లా తేలుతున్న మనిషికి మళ్లీ కాళ్ల మీద నిలబడటం తెలియదు. కాళ్లు దిగవు, తల లేపితే నడుం వంగుతుంది, అప్పుడే కేక. మోకాళ్లని కడుపులోకి ముడిచి, రెండు అరచేతులతో నీటిని కిందికి నొక్కుతూ తల లేపండి, పాదాలు వాటంతట అవే నేలకి తాకుతాయి. ఇది ఇరవైసార్లు చేసినవాళ్లకి సగం భయం ఉండదు.

ఇప్పుడు దాచుకోమన్న ఆ పాత భయం సంగతి. ఆర్కే బీచ్, యారాడ, భీమిలి అలల్లో స్నార్కెల్ నేర్చుకోవద్దు. అలలు ఇసుక కలిపేసిన రోజు చాపిన చెయ్యి కూడా సరిగా కనపడదు, ఆ మసకలో ఎంత ధైర్యస్థుడికైనా బెదురే. అలలు విరిగే చోట్ల నడుమ ఒక బాట నున్నగా, కొంచెం నల్లగా కనబడితే అటు దిగకండి. ప్రశాంతంగా ఉందని చాలామంది అక్కడే దిగుతారు, నీరు లోపలికి లాగే దారి అదే. పొరపాటున చిక్కితే ఒడ్డువైపు పోరాడొద్దు. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. శక్తి ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన రుషికొండలో కూడా గుర్తు పెట్టిన హద్దులోనే, లైఫ్‌గార్డ్‌ని అడిగాకే, గాలి లేవకముందు ఉదయమే దిగండి. ఎర్ర జెండా ఉంటే ఆ రోజుకి ఇడ్లీ తిని ఇంటికి రండి.

మందపాటి లైఫ్‌జాకెట్ మనిషిని వెల్లకిలా తిప్పాలని చూస్తుంది, ముఖం ముంచడానికి అడ్డం వస్తుంది. స్నార్కెల్ కోసం గాలి ఊదుకునే చేతుల్లేని జాకెట్ (వెస్ట్) ఉంటుంది, సగం ఊదుకుంటే సరిపోతుంది. చున్నీలు, వదులు ప్యాంట్లు నీళ్లు పీల్చి లాగుతాయి. ఒంటికి అంటుకునే పొడుగు చేతుల టీషర్టు, లెగ్గింగ్స్ మేలు, జెల్లీ చేపల నుంచి కొంత కాపాడతాయి కూడా. జెల్లీ చేప కుడితే ఇసుకతో రుద్దొద్దు, సముద్రపు నీళ్లతోనే కడగండి. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. భయపడేవాళ్లకి ఒక్కరే తోడుండాలి, చుట్టూ గుంపు వద్దు. "చిన్నపిల్ల చేస్తోంది, నువ్వేంటి వదినా" అనొద్దు. ఎప్పుడు లేవాలో దిగినవాళ్లే నిర్ణయించుకోవాలి. బొటనవేలూ చూపుడువేలూ సున్నా చుట్టి చూపితే బాగానే ఉన్నట్టు, అరచెయ్యి ఊపితే లేద్దామని. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనబడతాయి, జానెడు చేప మూరెడు కాకపోయినా పెద్దదే అనిపిస్తుంది. ఆ సంగతి పిల్లలకి ముందే చెబితే ఉలిక్కిపడరు. అండమాన్‌లో పగడాల మీద నిలబడకండి. అవి బతికున్న జీవులు, చట్టం కింద రక్షణ ఉన్నవి. కాలు ఆనాలనిపిస్తే తేలడం ఇంకా కుదరలేదని అర్థం, పడవ దగ్గరికి వెనక్కి రండి.

ఆ కిటికీ పక్క బల్ల మీద నాలుగు టబ్బుల్లో నీళ్లు పెట్టాం, గొట్టాలు కడిగి ఉంచాం. ఒడ్డున చెప్పులు చూసుకునేవాళ్లు ముందు రండి, కూర్చునే చేద్దాం. నాలుగు లెక్కపెట్టి పీల్చండి, ఆరు దాకా వదలండి.