ఎంజీబీ కొంటున్నారా? ఇంజిన్ కంటే ముందు తలుపు కింద రేకు చూడండి

నమస్కారం. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉండేదో మళ్లీ అలాగే తయారు చేసుకోవాలని ఆశపడేవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్లు అడిగితే నేను మొదట చెప్పే పేరు ఎంజీ కంపెనీ వాళ్ల ఎంజీబీ. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద ఎంజీ హెక్టర్ ముందుభాగాన కనిపించే ఎనిమిది పలకల గుర్తు ఉంది చూశారా, అది పుట్టింది ఇంగ్లండ్‌లో. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు తయారయ్యాయి. మొత్తం 5 లక్షలకు పైగా! అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. అందుకే ఈనాటికీ కార్లు దొరుకుతున్నాయి, విడిభాగాలూ దొరుకుతున్నాయి. అదే కాలపు జాగ్వార్ ఈ-టైప్ పక్కన పెడితే ధర చాలా తక్కువ.

సరే, కారు చూడటానికి వెళ్తారు. అమ్మే మనిషి బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు. ఆ శబ్దం వినగానే మనసు పారేసుకుంటాం. దయచేసి అక్కడే ఆగిపోకండి. 1798 సీసీల ఆ నాలుగు సిలిండర్ల ఇంజిన్ చాలా మొండిది. అరిగిపోయినా విప్పి బాగు చేసుకోవచ్చు. పిస్టన్లు, బేరింగులు, వాల్వులు అన్నీ కొత్తవి వస్తాయి. ఈ కారు ప్రాణం ఉన్నది రేకులో.

ఎందుకో చెబుతాను. దీనికి ముందు వచ్చిన ఎంజీఏ కారుకు కింద విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండేది. ఎంజీబీకి అది లేదు, బాడీయే బరువంతా మోయాలి. పైభాగం తెరుచుకునే రకమైన రోడ్‌స్టర్‌కైతే ఇనుప కప్పు కూడా ఉండదు. అందుకని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య కారు నడుము కుంగకుండా ఆపే పని చాలావరకు సిల్ మీద పడుతుంది. సిల్ అంటే తలుపు కింద గడపలాగా సాగే ఇనుప పెట్టె. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో నిలువుగా మరొకటి. ముందు చక్రం చిమ్మిన బురద మడ్‌గార్డు లోపలికి చేరి, ఆ పెట్టె మూలన తడితడిగా పేరుకుపోతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో తిరిగిన కారైతే చెప్పనే అక్కర్లేదు. తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. బయట రంగు పొంగి మన కంటపడే వేళకు మధ్య రేకు చిల్లులు పడి ఉంటుంది.

కాబట్టి జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. రంగు గీసుకుపోకుండా పలుచని గుడ్డలో చుట్టి సిల్ పొడవునా ఆనించి చూడండి. పట్టు వదిలిన చోట రంగు కింద ఉన్నది పుట్టీ. తర్వాత తలుపు మూసి, దాని వెనుక అంచు వెంట సందు గమనించండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుము కుంగినట్టే. యజమాని ఒప్పుకుంటే జాకీతో ఒక పక్క ఎత్తి, తలుపు తెరిచి మూయమనండి. ముందు హాయిగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే, ఎంత మెరిసిపోతున్నా ఆ కారు బాడీ బలంగా లేదు. కుళ్లిన సిల్‌ను కోసి తీయకుండా, దాని మీదే కొత్త రేకు తొడిగి రంగు వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. అది నాకు నిజంగా కోపం తెప్పించే పని. ఎందుకంటే రేపు ఆ కారులో కూర్చునేది ఒక కుటుంబం.

సరైన పద్ధతి వేరు. మొదట ముందు చక్రం మీది మడ్‌గార్డును బోల్టులు విప్పి తీయాలి. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టం వెల్డింగ్ చేసి, బాడీ కదలకుండా బిగించాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. మధ్యమధ్యలో తలుపు తగిలించి సందు చూసుకుంటూ ఉండాలి. ఓపికతో కూడిన పని, కూలీ కూడా ఎక్కువే అవుతుంది. బాడీ మొత్తం పోయినా దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే 1988 నుంచి కొత్త ఎంజీబీ బాడీలు తయారు చేయడం మొదలుపెట్టింది. అయినా నా మొగ్గు మాత్రం ఆ కారుతో పుట్టిన రేకును వీలైనంత నిలబెట్టుకోవడం వైపే.

ఇక అసలు రూపం అన్నప్పుడు, ఏ సంవత్సరపు రూపం అన్నది తేల్చుకోవాలి. తొలి రోడ్‌స్టర్లకు లాగి తెరిచే తలుపు పిడులు ఉండేవి, 1965లో అవి మారాయి. 1967లో మార్క్ 2 అనే మార్చిన రూపంతో గేర్‌బాక్సు మారింది, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో పోయి దాని చోట ఆల్టర్నేటర్ వచ్చింది. అంతకుముందు కార్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, ఇది తెలియకుండా కొత్త రేడియో బిగిస్తే కాలిపోతుంది. 1974లో అమెరికా నిబంధనల కోసం నల్లటి రబ్బరు బంపర్లు పెట్టి, కారును కొంచెం ఎత్తు చేశారు. చాలామంది వాటిని పీకేసి క్రోమ్ బంపర్లు పెట్టుకుంటారు. నేను ఒప్పుకోను. 1976 కారు 1976 కారుగానే ఉండాలి, ఆ రబ్బరు బంపరు కూడా దాని చరిత్రే.

కారు గుర్తింపు నంబరు (విడిగా ఛాసిస్ లేకపోయినా దీన్ని ఛాసిస్ నంబరనే అంటారు) రాసుకుని, గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంకు రుసుము కట్టి దరఖాస్తు చేయండి. ఫ్యాక్టరీ దస్తావేజుల నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. కారు ఎప్పుడు తయారైంది, మొదట వేసిన రంగు ఏది, బిగించిన ఇంజిన్ నంబరు ఎంత, ఏ దేశానికి పంపారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ ఇంజిన్ నంబరు కారులో ఉన్నదానితో సరిపోలితే ధర విషయంలో కొంచెం పట్టువిడుపులు చూపించినా తప్పులేదు.

బేరం కుదిరాక గ్యారేజీ మూలల్లో ఉన్న అట్టపెట్టెలు కూడా అడగండి. పాత కార్బ్యురేటర్లు, అరిగిన పిడులు, పగిలిన మీటరు, ఏదీ వదలకండి. కొత్త భాగం కొన్నా, అది ఎక్కడ ఎలా కూర్చోవాలో చూపించేది ఆ పాతదే.