పాటల వరుస

సభకు నమస్కారం.

పాటల జాబితాలు కట్టుకోవడం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఏ పాటలు ఎంచుకోవాలో నేను చెప్పబోవడం లేదు. ఎవరి అభిరుచి వారిది. ఎంచుకున్నవాటిని ఏ వరుసలో పెట్టాలన్నది మాత్రం నేర్చుకుంటే వచ్చే విద్య. మన సంగీతంలో ఆ విద్య ఎప్పటినుంచో ఉంది.

కర్ణాటక సంగీత కచేరీనే చూడండి. నేటి కచేరీ క్రమాన్ని స్థిరపరిచిన ఘనతను ఎక్కువమంది గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగారికి (1890–1967) ఇస్తారు. వర్ణం అనే రచనతో మొదలుపెట్టి, చిన్న కృతులు చురుగ్గా పాడి, సభ కుదురుకున్నాక ప్రధాన రాగాన్ని తీరిగ్గా విస్తరించి, తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు విడిగా వాయించే వంతు) ముగిశాక జావళి, తిల్లానా వంటి తేలికపాటి రచనలతో శ్రోతను సేదదీర్చి, చివరకు మంగళం పాడతారు. పక్కపక్కన ఒకే రాగం రాకుండా, వీలైనంతవరకు ఒకే తాళమూ ఒకే నడకా రాకుండా చూసుకుంటారు. ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎక్కడా కనిపించలేదు.

సినిమా పాటల శ్రోతలకు ఈ క్రమశిక్షణను క్యాసెట్టు అలవాటు చేసింది. ఫిలిప్స్ సంస్థ దాన్ని 1963లో తెచ్చింది. 1980ల నాటికి మన ఊళ్ల బజార్లలో రికార్డింగ్ షాపులు ఉండేవి. ఖాళీ సి-60 క్యాసెట్టుతోపాటు పాటల పేర్లు రాసిన కాగితం ఇస్తే, షాపువాళ్లు వాటిని ఎక్కించి ఇచ్చేవారు. ఒక్కో వైపు 30 నిమిషాలు. మూడున్నర నిమిషాల పాటలైతే ఎనిమిది పడతాయి. ఆశపడి తొమ్మిదోది రాస్తే ఆఖరి చరణం మధ్యలో టేపు అయిపోతుంది. అందుకే ఆ కాగితాల నిండా కొట్టివేతలు ఉండేవి. ఏ పాటను వదులుకోవాలో తేల్చుకునేటప్పుడే, ఉన్నవాటిలో ఏది ముందు ఏది వెనక అన్న ఆలోచన మొదలయ్యేది. రెండో వైపు మొదటి పాట ఏదన్నది ప్రత్యేకంగా చర్చించుకునేవారు, ఎందుకంటే క్యాసెట్టు తిప్పి పెట్టాక వినడం మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

ఇప్పుడు ఆ హద్దు లేదు. వందల పాటలు ఒకచోట కుప్పపోసి, వాటిని కలగలిపి వినిపించే షఫుల్ నొక్కుతున్నాం. నిజమైన యాదృచ్ఛికతలో ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే రావడం సహజం. అది శ్రోతలకు నచ్చక ఫిర్యాదులు రావడంతో, ఒకరి పాటలు దూరదూరంగా పడేలా పాటల యాప్ స్పాటిఫై 2014లో తన షఫుల్ పద్ధతిని మార్చుకుంది. వరుస వద్దనుకునేవారి చెవి కూడా వరుసనే కోరుతోందన్నమాట!

కాబట్టి నా మొదటి సూచన, జాబితాను 30 నిమిషాలకు కుదించండి. రెండోది ఇంకా ముఖ్యం: పాటల మధ్య అతుకులు వినండి. ఒక పాట చివరి కొద్ది సెకన్లనూ తర్వాతి పాట ఎత్తుగడనూ కలిపి వింటే చాలు, లోపం తెలిసిపోతుంది. ఘంటసాల మోహనరాగంలో నెమ్మదిగా ముగించిన పాట వెంటనే సుశీల గొంతు పై శ్రుతిలో అందుకుంటే, రెండూ గొప్ప పాటలే అయినా చెవి తడబడుతుంది. వాటి మధ్య ఇద్దరూ కలిసి పాడిన యుగళగీతం ఒకటి ఉంచి చూడండి. ఆ మార్పు తెలియకుండానే జరిగిపోతుంది. 1950ల నాటి రికార్డింగు పక్కన నేటి పాట పెడితే హఠాత్తుగా మోత పెరుగుతుంది. చాలా యాప్‌ల సెట్టింగుల్లో ధ్వనిని సమం చేసే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి.

ఇక ముగింపు. మంగళం అయ్యాక కచేరీలో ఇంకెవరూ పాట ఎత్తుకోరు. ఫోను మాత్రం మీ ఆఖరి పాట కాగానే తనకు తోచిన పాటను అందుకుంటుంది. ఆటోప్లే ఆపేసి, ఆఖరి పాటను ఆఖరిగానే వినండి.