చీకటి చూడని చేమంతి

(కార్తీక మాసంలో ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. జవాబులు చెప్పింది నెల్లూరులో ఇళ్ల తోటలు చూసుకునే ఒక తోటమాలి.)

యాంకర్: మొదటి కాల్ ఒంగోలు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా చేమంతి ఏపుగా దుబ్బు కట్టింది, దిష్టి తీయాల్సినంత పచ్చగా ఉంది. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. పక్కింటావిడ కుండీ నిండా మొగ్గలే. ఇద్దరం ఒకే బండి దగ్గర కొన్నాం. టెన్షన్‌గా ఉందండీ.

తోటమాలి: టెన్షన్ మొగ్గ గురించా, పక్కింటావిడ గురించా?

శ్రోత: (నవ్వు) రెండూ అనుకోండి.

తోటమాలి: కుండీ ఎక్కడుంది తల్లీ?

శ్రోత: గేటు పక్కన. వీధిలో కొత్తగా ఎల్‌ఈడీ లైటు వేశారు. సూది పడినా కనపడుతుంది.

తోటమాలి: దొరికాడు దొంగ! చేమంతి రాత్రి పొడుగును బట్టి మొగ్గ వేస్తుంది. సెప్టెంబర్ 23 ప్రాంతంలో రాత్రీ పగలూ సమానమవుతాయి, అక్కడి నుంచి రాత్రి పెరుగుతూ పోతుంది. ఆ చీకటి ఎడతెగకుండా దొరికితేనే మొగ్గ. మధ్యలో వెలుతురు తగిలితే ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. కర్ణాటక వైపు చేమంతి రైతులు చేలో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది ఇందుకే, పూత కొన్నాళ్లు ఆపి మంచి ధరకి అమ్ముకోవాలని. మీకు ఆ సౌకర్యం ఉచితంగా వచ్చింది.

శ్రోత: అయితే ఏం చేయమంటారు?

తోటమాలి: కుండీని పెరట్లో చీకటి ఉన్నవైపు పెట్టండి. పగలు ఎండ తగలాలి. అక్కడా లైటు ఉంటే సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి, పొద్దున ఏడింటికి తీయండి. రోజూ చేయాలి. మూడు నాలుగు వారాల్లో మొగ్గ తొంగిచూస్తుంది. కొనలు మాత్రం ఇక తుంచొద్దు, ఆ పని శ్రావణంతోనే అయిపోయింది. ఎరువు పెంచొద్దు, ఆకులే పెరుగుతాయి.

యాంకర్: కావలి నుంచి అన్నగారు లైన్లో ఉన్నారు.

శ్రోత: అన్నా, మల్లెకి నవంబర్‌లో నీళ్లు ఆపేసి కొమ్మలు కత్తిరించమని ఎక్కడో చదివా. ఇక్కడేమో వాన ఆగట్లేదు. ఎట్లా ఆపేది?

తోటమాలి: వాన నీ మాట వింటే నాకూ చెప్పు అన్నా! శరత్కాలం అంటే నిర్మలమైన ఆకాశం, తెల్ల మబ్బులు, వెన్నెల అని రాసినవాళ్లు నెల్లూరు జిల్లాకి వచ్చుండరు. మనకి అసలు వానలు అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా పోతాయి. ఈశాన్య రుతుపవనాలు, పైగా తుపాన్లు. ఈ తడిలో కత్తిరిస్తే చిగురు వస్తుంది, పువ్వు రాదు. డిసెంబర్ ఆఖరుకి వాన తగ్గాక కత్తిరించు, నేల కాస్త ఆరనివ్వు. ఫిబ్రవరి, మార్చిలో మొగ్గలు కడతాయి. ఈలోపు కుండీల అడుగు చిల్లులు చూసుకో. మట్టి అడ్డం పడితే వేళ్లు కుళ్లుతాయి. ఎండాకాలంలో చచ్చే కుండీ మొక్కలకన్నా ఇప్పుడు చచ్చేవే నాకు ఎక్కువ కనిపిస్తాయి.

యాంకర్: సింగరాయకొండ నుంచి కాల్.

శ్రోత: దసరాకి గుమ్మానికి కట్టిన బంతి దండ ఎండబెట్టి చల్లామండీ. ఒకటి రెండే మొలిచాయి.

తోటమాలి: దండకి కోసే పువ్వులో చాలావరకు గింజ ముదరదమ్మా. ఎండిన పువ్వు విప్పి చూడండి. నల్లని సన్నని పుల్ల, చివర తెల్ల తోక ఉంటుంది కదా, ఆ పుల్ల గోటికి గట్టిగా తగిలితేనే గింజ. మెత్తగా నలిగితే పొల్లు. పైగా హైబ్రిడ్ బంతి అయితే మొలిచినా తల్లి పువ్వు రాదు. డిసెంబర్ పూల కొమ్మలు దొరికితే నాటుకోండి, అవి మాత్రం మొండివి. వాసన ఉండదు, కనకాంబరంతో కలిపి కడితే ఆ ఊదారంగు కళే వేరు.

యాంకర్: చివరి కాల్, నెల్లూరే.

శ్రోత: వనభోజనాలకి ఉసిరి చెట్టు దొరకట్లేదండీ. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కుండీలో ఉసిరి పెంచొచ్చా?

తోటమాలి: పెంచొచ్చు. పెద్ద డ్రమ్ము తీసుకోండి. కాయ కావాలంటే రెండు రకాల అంటు మొక్కలు పక్కపక్కన పెట్టండి, ఒంటరి చెట్టుకి కాయ సరిగా పట్టదు.

శ్రోత: ఈ ఏడాదికి?

తోటమాలి: ఈ ఏడాదికి మోకాలెత్తు మొక్క వస్తుంది. దాని నీడలో విస్తరి ఒక్కటే పడుతుంది, ఎవరు కూర్చోవాలో మీరే తేల్చుకోండి.