కంచే చేను మేస్తే కేసు ఎవరు పెట్టాలి?

నమస్తే. "కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం?" హాస్టల్లోనో, అనాథాశ్రమంలోనో, పెంచుతామని తీసుకెళ్లిన ఇంట్లోనో ఒక బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని తెలిసిన ప్రతిసారీ నేను వినే మాట ఇది. చదువుకున్నవాళ్లు కూడా ఇదే అంటారు. ఒక నిట్టూర్పు విడిచి, అక్కడితో వదిలేస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఎవరితో చెప్పుకోవాలో చట్టంలో రాసి ఉంది. చెప్పుకునే దారి లేదనుకోవడం వల్లే ఎంతోమంది ఏళ్ల తరబడి లోపల కుమిలిపోతున్నారు.

నేను లీగల్ ఎయిడ్ లాయర్‌ని, అంటే ఉచిత న్యాయసాయం చేసే లాయర్‌ని. ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది. ఊరు, ఏడాది చెప్పను. వయసు ఇరవై దాటింది. ప్లాస్టిక్ కవర్లోంచి టీసీ తీసింది, పాత హాస్టల్ ఐడీ కార్డు తీసింది. కార్డు మీద రెండు జడలు, రిబ్బన్లతో చిన్నపిల్ల ఫొటో. ఆ ఫొటోని బొటనవేలితో మూసి పట్టుకుని కూర్చుంది. ఏం జరిగిందో చెప్పకముందే, "ఇన్నేళ్లయ్యాక చెప్తే చెల్లుతుందా మేడమ్?" అని అడిగింది.

చెల్లుతుంది. ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మూడేళ్లకు మించి జైలుశిక్ష పడే నేరాలకు, కోర్టు కేసు తీసుకోవడానికి గడువు అంటూ లేదు. చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లు ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయవచ్చని 2018లో కేంద్రం కూడా స్పష్టంగా చెప్పింది. ఒక్క విషయం మాత్రం చూసుకోవాలి. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగినదైతే కేసు అప్పటి ఐపీసీ సెక్షన్ల కింద నడుస్తుంది. దారి మారుతుంది కానీ మూసుకుపోదు.

ఇక కంచె దగ్గరికి వద్దాం. దారినపోయే పశువు చేలో పడటం వేరు, కంచే మేయడం వేరు. ఈ తేడా మన పెద్దలకే కాదు, పోక్సో చట్టానికీ తెలుసు. పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసేవాళ్లు, దాన్ని నడిపేవాళ్లు, బడి సిబ్బంది, గార్డియన్, ఫోస్టర్ కేర్‌లో పెంచేవాళ్లు నేరం చేస్తే దాన్ని మామూలు నేరంగా చూడదు, తీవ్రమైన నేరంగా చూస్తుంది. అత్యాచారమైతే కనీసం 20 ఏళ్లు. 2019 ఆగస్టు సవరణకు ముందు జరిగినదైతే కనీసం 10 ఏళ్లు. తప్పుడు ఉద్దేశంతో ఒంటి మీద చెయ్యి వేసినా, బయటివాడికి కనీసం 3 ఏళ్లు అయితే వీళ్లకు కనీసం 5 ఏళ్లు. "ఆయన పెద్దమనిషి, వందమందికి అన్నం పెట్టాడు" అనేది చాలామంది దృష్టిలో శిక్ష తగ్గించాల్సిన కారణం. చట్టం దృష్టిలో ఆ నమ్మకాన్ని వాడుకోవడమే అసలు నేరాన్ని పెద్దది చేస్తుంది. నాకైతే ఈ చట్టం మొత్తంలో చాలా గౌరవం కలిగించే భాగం ఇదే.

ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. బాలల సంక్షేమ సమితి, అంటే సీడబ్ల్యూసీ, ఒక బిడ్డను కొంతకాలం ఒక కుటుంబం దగ్గర ఉంచుతుంది. బిడ్డ బాధ్యత ప్రభుత్వానికి ఉంటూనే ఉంటుంది. కాబట్టి "పెంచుకుంటున్నారు, వాళ్ల ఇంటి విషయం, మనకెందుకు" అనే మాటకు చోటే లేదు.

ఇంకొకడున్నాడు, గట్టు మీద నిలబడి చూసినవాడు. కంచె చేను మేస్తోందని తెలిసీ నోరు మూసుకున్నాడు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. "సంస్థ పరువు పోతుంది, లోపల్లోపల మాట్లాడుకుందాం" అనే మీటింగ్ ఉంటుంది చూశారా, టీ తాగుతూ పెట్టుకునే ఆ మీటింగే ఈ దాచిపెట్టే నేరానికి దారి తీస్తోంది. తోటి పిల్లలు చెప్పలేదని మాత్రం వాళ్ల మీద కేసు పెట్టరు. ఈ భయంతో నోరు విప్పని పిల్లలు ఉంటారు, వాళ్లకు ఇది చెప్పండి. నిజమని నమ్మి చెప్పినవాళ్ల మీద, తర్వాత నేరం రుజువు కాకపోయినా, కేసు ఉండదు.

"ఇదంతా పుస్తకాల్లో బాగుంటుంది, అమ్మానాన్నా లేని పిల్లల మాట ఎవరు వింటారు?" అంటారు. బీహార్‌లో ముజఫర్‌పూర్ గుర్తుందా? ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన ఆడపిల్లల వసతిగృహం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు ఆడిట్‌కి వెళ్లి, పిల్లలతో కూర్చుని మాట్లాడారు. 2018లో విషయం బయటపడింది. కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో సుప్రీంకోర్టు విచారణను ఢిల్లీకి మార్చింది. 2020 జనవరిలో 19 మందిని దోషులుగా తేల్చారు. సంస్థను నడిపిన బ్రజేష్ ఠాకూర్‌కి బతికినంతకాలం జైలు. శిక్ష పడినవాళ్లలో ఎవరున్నారో తెలుసా? ఆ జిల్లా సీడబ్ల్యూసీ మాజీ ఛైర్మన్, బాలల పరిరక్షణ అధికారి. పొలానికి కాపలా పెట్టినవాళ్లే! తెలిసీ రిపోర్టు చేయలేదని ఇంకో అధికారిణిని కూడా దోషిగా తేల్చారు. అంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లకూ శిక్ష పడింది. అక్కడ ఆ ఆడపిల్లల వెనక నిలబడటానికి ఇంటివాళ్లు లేరు. వాళ్లు చెప్పింది కూర్చుని విన్నవాళ్లు ఉన్నారు, అంతే.

సరే, లాయర్ ఖర్చు. నా దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయి రెండో ప్రశ్న అదే. పర్సు జిప్ మీద చెయ్యి వేసి, "ఫీజు ఎంతవుతుంది?" అంది. ఏమీ అవ్వదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. ఫోన్ నంబర్ 15100. మగపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. పోక్సో అబ్బాయిలకూ సమానంగా వర్తిస్తుంది. చిన్నప్పుడు బాధపడి ఇప్పుడు పెద్దవాడైన మగవాడికి ఉచిత లాయర్ కావాలంటే, మిగతా అర్హతలేవీ లేకపోతే ఆదాయ పరిమితి చూస్తారు. కేసు పెట్టడానికి మాత్రం ఏ పరిమితీ లేదు.

కోర్టులో వాదించేది ప్రభుత్వ లాయరే కదా, మళ్లీ మనకెందుకు అనకండి. ఆయన ప్రభుత్వం తరఫున వాదిస్తాడు. కేసు ఎక్కడిదాకా వచ్చిందో మీకు చెప్పడానికి, బెయిల్ పిటిషన్ వస్తే మీ తరఫున నిలబడటానికి, పరిహారం అడగడానికి మీ మనిషి ఉండాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పరిహారం. తుఫానుకి పంట పోతే, తుఫాను మీద కేసు గెలిచాకే డబ్బులిస్తామని ఎవరూ అనరు కదా. ఇక్కడా అంతే. ఎఫ్ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా, పోక్సో కేసులు చూసే ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం, అంటే తీర్పు రాకముందే పరిహారం, ఇప్పించవచ్చు. నిందితుడు దొరక్కపోయినా, కేసు కొట్టేసినా, బిడ్డకు నష్టం జరిగిందని కోర్టు భావిస్తే ఇస్తుంది. పొలంతో పోలిక ఇక్కడ ఆపేస్తాను. పైరు పోతే మళ్లీ వేసుకుంటాం, బాల్యం అలా కాదు. ఆ డబ్బు చదువుకి, వైద్యానికి, కౌన్సెలింగ్‌కి పనికొస్తుంది. అది హక్కు, దానం కాదు.

పోలీస్ స్టేషన్. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయించవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ ఉచితం. రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి. బాధపడింది ఇంకా చిన్నపిల్లలే అయితే యూనిఫాం లేకుండా, బిడ్డ ఉన్న చోటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఇప్పుడే, ఈ క్షణమే ప్రమాదంలో ఉన్న బిడ్డ కోసమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

కాగితాలు. పాతవి ఏవీ పారేయకండి. ఆ అమ్మాయి టీసీ అప్పటి ఆమె వయసు చెప్పింది. ఐడీ కార్డు ఆమె ఆ హాస్టల్లోనే ఉందని చెప్పింది. మూసి పట్టుకున్న ఆ ఫొటో మీది నుంచి వేలు తీసి, కార్డు నా వైపు జరిపింది. ఫిర్యాదు తనే రాసుకుంది, ఒకటిన్నర పేజీ.

ఇంకొక్కటి. బాధితుల పేరు, ఫొటో, వాళ్లున్న హాస్టల్ పేరు, గుర్తుపట్టే వివరం ఏదైనా సరే, బయటపెట్టడం నేరం. కోపంతో అయినా సరే కామెంట్లలో రాయకండి. రాస్తే తీసేస్తాను. చెప్పాలనుకున్నది 15100కి చెప్పండి.