ఇంటర్ అయ్యాక ఆర్మీనా, నేవీనా, ఎయిర్‌ఫోర్సా? ముందు ఏ గేటో తేల్చుకోండి

నమస్తే అండీ. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, కావలిలో పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే పిల్లలు ఎక్కువవుతారు, వాళ్లతో పాటు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఆర్మీకి పోతే మంచిదా, నేవీకా, ఎయిర్‌ఫోర్స్‌కా?" ఈ వీడియో దాని గురించే. కాకపోతే అది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది, నువ్వు ఆఫీసర్‌గా పోవాలనుకుంటున్నావా, నాలుగేళ్ల కోసం తీసుకునే అగ్నివీర్‌గానా అని. యూనిఫాం రంగు ఆ తర్వాత చూసుకోవచ్చు. ఎందుకంటే ఈ రెండు గేట్లలో ఒకటి చాలా తొందరగా మూసేస్తారు, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతి మూసేశాకే తెలుస్తుంది.

(స్క్రీన్ మీద: కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే)

2024 మార్చి 18 గుర్తుందా? కొరిశపాడు దగ్గర 16వ నంబర్ నేషనల్ హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ట్రయల్ వేశారు. సుఖోయ్-30, హాక్ జెట్‌లు రోడ్డుకు బాగా దగ్గరగా దిగి మళ్లీ పైకి లేచాయి, ఏఎన్-32, డోర్నియర్ విమానాలైతే ఏకంగా రోడ్డు మీదే దిగి మళ్లీ ఎగిరాయి. ఆ వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగాయో మీకు తెలుసు. అవి చూసిన పిల్లలు వచ్చి "అగ్నివీర్‌వాయుకి (అంటే ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌కి) అప్లై చేస్తున్నా అన్నా, ఫైటర్ నడపాల" అంటారు. కాదు తమ్ముడూ. అది నడిపేది ఆఫీసర్. ఇంటర్ తర్వాత నేరుగా ఆ సీటు వైపు తీసుకెళ్లేది ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డిగ్రీ అయ్యాక అయితే సీడీఎస్, ఆఫ్‌క్యాట్ లాంటి ఆఫీసర్ పరీక్షలు. అగ్నివీర్‌వాయు చేసేది నేల మీద పని. విమానాలు, పరికరాల బాగోగులు, కమ్యూనికేషన్, స్టోర్స్, ఆఫీసు ఇలాంటివి. అది చిన్న పనేం కాదు, ఆ పని లేకుండా ఏ విమానమూ లేవదు. కానీ నువ్వు కలగంటున్నది ఒకటి, ఫారం నింపుతున్నది ఇంకొకటి అయితే నాలుగేళ్లు మనసు కుదరదు.

ఇప్పుడు వయసు లెక్క చూడండి, ఈ వీడియోలో అసలు విషయం ఇదే. ఎన్‌డీఏకి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చినప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి 21. మనవాళ్లు మామూలుగా 17 ఏళ్లకు ఇంటర్ పూర్తి చేస్తారు. అంటే ఎన్‌డీఏకి నీ చేతిలో రెండు, రెండున్నర ఏళ్లు ఉన్నాయి, ఏడాదికి రెండుసార్లు యూపీఎస్‌సీ ఆ పరీక్ష పెడుతుంది, అది రాకపోయినా అగ్నివీర్ గేటు ఇంకా తెరిచే ఉంటుంది. మనోళ్లు చేసేది సరిగ్గా తలకిందులు. ముందు రెండేళ్లు అగ్నివీర్ అని పరుగులు తీసి, అది కాకపోతే ఇరవయ్యో ఏట వచ్చి "అన్నా, ఎన్‌డీఏ అంటే ఏంది?" అంటారు. అప్పుడు నేను చెప్పేదేం ఉంటుంది?

"ఎన్‌డీఏ మనకెక్కడ వస్తుందిలే, అది సైనిక్ స్కూల్ వాళ్లకి" అనే మాట కూడా బాగా వింటుంటా. ఆ మాటను అంత సులువుగా నమ్మను. నెల్లూరులో, ఒంగోలులో కార్పొరేట్ కాలేజీల్లో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎంపీసీ రుద్దుతున్న పిల్లలకి ఎన్‌డీఏ మ్యాథ్స్ పేపర్ కొత్తది కాదు. 300 మార్కులు, ఇంటర్ స్థాయి లెక్కలే, ఈఏపీసెట్‌కీ జేఈఈకీ చేసినవే. దెబ్బతినేది రెండో పేపర్‌లో. అది 600 మార్కులు. అందులో ఇంగ్లిష్ 200, మిగతా 400 ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలు. టెన్త్ తర్వాత సోషల్ పుస్తకం ముట్టని ఎంపీసీ పిల్లాడు అక్కడ ఆగిపోతాడు. పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తప్పుకు మార్కు కోత ఉంది. రాతపరీక్ష దాటితే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, దానికి ఇంకో 900 మార్కులు. అక్కడ గ్రూప్ డిస్కషన్‌లో మన పిల్లలు నోరు మెదపరు. విషయం తెలియక కాదు, ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని. అక్కడ చూసేది నీ యాస కాదు, పదిమందిలో నువ్వు ఎలా ఆలోచిస్తావు, ఎలా కలిసి పని చేస్తావు అని. ఇంట్లో చెల్లెలితోనైనా సరే, రోజూ పావుగంట తప్పులతోనే ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఈ రోజే మొదలుపెట్టు.

సెలెక్ట్ అయితే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డిగ్రీ కూడా అక్కడే, ఆ తర్వాత నీ విభాగం అకాడమీలో మిగతా ట్రైనింగ్. ఆఫీసర్‌గా బేసిక్ 56,100తో మొదలు. హెచ్ఈసీ, సీఈసీ వాళ్లు వినండి, ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా పర్లేదు, ఇంటర్ పాసైతే చాలు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలకు మాత్రం ఎంపీసీ కావాలి. ఇక జేఈఈ మెయిన్ రాసినవాళ్లకు ఇంకో దారి ఉంది, దీని గురించి మన వైపు చాలా తక్కువమందికి తెలుసు. నేవీలో 10+2 బీటెక్ ఎంట్రీకి ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం ఉండాలి, జేఈఈ ర్యాంకు చూసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు, కేరళలోని ఎళిమలలో బీటెక్ చదివిస్తారు, ఫీజు లేదు. ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీకి 60 శాతం, జేఈఈ రాసి ఉండాలి. ఏడాదికి లక్షలు కట్టి ఏదో ఒక కాలేజీలో చేరే ముందు ఈ రెండు నోటిఫికేషన్లు ఒకసారి చూడండయ్యా.

సరే, అగ్నివీర్. డబ్బు సంగతి ముందు చెప్పుకుందాం, ఇంట్లో అడిగేది అదే కదా. మొదటి ఏడు నెలకు 30,000, అందులో 30 శాతం నిధికి పోతుంది, చేతికి 21,000 వస్తాయి. నాలుగో ఏడు 40,000, చేతికి 28,000. నీ జీతంలో కోసినదానికి ప్రభుత్వం అంతే కలుపుతుంది, నాలుగేళ్లకు 10.04 లక్షలు, దాని మీద వడ్డీ కలిపి సేవానిధిగా ఇస్తారు, దానికి పన్ను లేదు. 48 లక్షల జీవిత బీమా ఉంది, దానికి నువ్వు కట్టేదేం లేదు. పెన్షన్, గ్రాట్యుటీ లేవు. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్‌లోకి తీసుకుంటామన్నారు. గిద్దలూరు, కంభం వైపు తాతలు, మామలు ఆర్మీలో చేసొచ్చిన ఇళ్లలో "పోతే చాలు, జీవితాంతం పెన్షన్" అనే లెక్క ఇంకా నడుస్తోంది, అది పాత లెక్క. మొదటి బ్యాచ్‌లు 2022 చివర్లో నేవీలో, 2023 మొదట్లో ఆర్మీలో చేరాయి కాబట్టి వాళ్లకు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. బయటికొచ్చాక డిగ్రీ ఎలా, ఏ పోటీ పరీక్ష రాయాలి అన్నది చేరే రోజే ఆలోచించుకుని వెళ్లేవాడికి ఈ నాలుగేళ్లు బాగా పనికొస్తాయి, ఊరికే పోయేవాడికి కష్టం.

మూడింట్లో ఏది? ఒక తల్లి నన్నడిగింది, "నాయనా, నేవీ అయితే బోర్డర్ ఉండదు గదా, మావాణ్ణి దాంట్లో పెట్టు" అని. నవ్వొచ్చింది కానీ ఆమె భయం భయమే. బోర్డర్ ఉండదు నిజమే, ఓడ సముద్రంలో ఉన్నన్నాళ్లూ కొడుకు ఫోన్ కూడా ఉండదమ్మా. ఓడలో నీకంటూ దక్కేది ఒక బంకు, ఒక చిన్న లాకర్. తలుపు వేసుకుని ఒక్కడివే కూర్చునే చోటు ఉండదు. నలుగురిలో కలిసిపోయేవాడికి నేవీ బాగుంటుంది, చేతికి నిజమైన టెక్నికల్ పని వస్తుంది. జువ్వలదిన్నె, కొత్తపట్నం పిల్లలు "మాకు ఈత వచ్చు" అని ధీమాగా ఉంటారు, మంచిదే, కానీ ఈత రానివాళ్లకూ ట్రైనింగ్‌లో నేర్పుతారు, అది సెలక్షన్‌లో కలిసొచ్చేదేం కాదు. ట్రైనింగ్ ఒడిశాలో ఐఎన్‌ఎస్ చిల్కాలో. అమ్మాయిలూ, 2023 మార్చి 28న అక్కడ ట్రైనింగ్ పూర్తి చేసిన మొదటి అగ్నివీర్ బ్యాచ్‌లో 273 మంది ఆడపిల్లలు ఉన్నారు. ఎన్‌డీఏ నుంచి మొదటి 17 మంది అమ్మాయిలు 2025 మేలో బయటికొచ్చారు.

ఎయిర్‌ఫోర్స్‌లో ఎక్కువగా స్టేషన్ జీవితం, పద్ధతైన టైమింగులు, చదువుకోడానికి వీలు కాస్త ఎక్కువ. అందుకే పోటీ విపరీతం. ఎంపీసీ కాకపోయినా అప్లై చేయొచ్చు, ఇంగ్లిష్‌లో 50 శాతం మాత్రం తప్పదు. ఆర్మీలో జనరల్ డ్యూటీకి, అంటే మామూలు జవానుగా పోవడానికి, టెన్త్ చాలు, ఎండ, మంచు, కొండ, ఎక్కడ వేస్తే అక్కడ. ఏ రెజిమెంట్ అన్నది నీ చేతుల్లో ఉండదు. అయితే తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. ఆర్మీ అగ్నివీర్ రాతపరీక్షను 2025లో తెలుగులో కూడా పెట్టారు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ పేపర్లు ఇంగ్లిష్, హిందీల్లోనే. ఉదయగిరిలోనో కనిగిరిలోనో గవర్నమెంట్ స్కూల్లో తెలుగులో చదువుకుని లెక్కల్లో గట్టిగా ఉన్న పిల్లాడు, స్నేహితుడు వేశాడని ఎయిర్‌ఫోర్స్‌కి వేసి ఇంగ్లిష్ పేపర్‌లో పోవడం కంటే ఆర్మీ టెక్నికల్‌కి వేయడం నయం అంటాను నేను.

(స్క్రీన్ మీద: పులప్ కడ్డీ)

ఆర్మీ ఫిజికల్ గురించి చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లకు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసే. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. పరుగులో అందరూ చేసే పని ఒకటే, మొదటి రౌండ్ గుర్రాల్లా లగెత్తి, మూడో రౌండ్‌కి నోరు తెరిచేస్తారు. నాలుగు రౌండ్లూ ఎనభై సెకన్ల చొప్పున పోతే ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది, పది సెకన్లు మిగులుతాయి కూడా. పులప్స్ సంగతి ఇంకా ఘోరం. జలదంకి నుంచి వచ్చే ఒక కుర్రోడు పది లాగాను అంటాడు, నేను పక్కన నిలబడి లెక్కిస్తే ఆరే. కిందికి దిగినప్పుడు మోచేతులు పూర్తిగా చాచడు, పైకి పోయినప్పుడు గడ్డం కడ్డీ దాటదు, కాళ్లతో ఊపు తీసుకుంటాడు. పరీక్ష పెట్టేవాళ్లు అలాంటివి లెక్కలోకే తీసుకోరు, పదో నంబర్ వినపడేదాకా నువ్వు వేలాడుతూనే ఉంటావు.

ఇంకోటి, పళ్లు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో మళ్లీ చెప్పక్కర్లేదు. మెడికల్‌లో పళ్లకు పాయింట్లు వేస్తారు, కనీసం 14 రావాలి. పుచ్చిన పళ్లు, ఊడిన పళ్లు లెక్క తగ్గిస్తాయి. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి నెల ముందు కాదు, ఈ నెలలోనే పళ్ల డాక్టర్ దగ్గరికి పో. చెవిలో గులిమి కూడా తీయించుకో. కలర్ విజన్ ఒకసారి చూపించుకో, అది తేడా ఉంటే ట్రైనింగ్‌తో వచ్చేది కాదు, ముందే తెలిస్తే రెండేళ్లు మిగులుతాయి. ఛాతీ మీద హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకోవాలని ఉబలాటపడేవాళ్లు దయచేసి ఆగండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనకవైపు మాత్రమే అనుమతి.

బైపీసీ వాళ్లు నిరాశపడకండి. ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్, నేవీలో కూడా అలాంటి పోస్టులు మీ గ్రూపుకే, అగ్నిపథ్‌తో సంబంధం లేకుండా రెగ్యులర్ పద్ధతిలో తీసుకున్నారు. నీట్ రాసిన అమ్మాయిలకు మిలిటరీ నర్సింగ్ ఉంది. ఇక కోస్ట్‌గార్డ్. కృష్ణపట్నంలో స్టేషన్ ఉన్నా మన పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోరు. అక్కడ నావిక్ (నావికుడు) జనరల్ డ్యూటీకి మ్యాథ్స్, ఫిజిక్స్‌తో ఇంటర్, 18 నుంచి 22 ఏళ్లు. అగ్నిపథ్ దానికి వర్తించదు. సముద్రం కావాలి, ఉద్యోగం నాలుగేళ్లతో ఆగకూడదు అనుకునేవాడు నేవీతో పాటు దీనికీ అప్లై చేయాలి.

ఎవరైనా ఇన్ని లక్షలు ఇస్తే సెలక్షన్ ఖాయం అంటే ఫోన్ పెట్టేయండి, అంతే.

చివరిగా కాగితాలు. గ్రౌండ్‌లో గెలిచి టేబుల్ దగ్గర ఓడిపోయేది ఇక్కడే. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, కాబట్టి టెన్త్ నాటి కాగితాల్లో ఒక జిల్లా, ఇప్పుడు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రంలో ఇంకో జిల్లా ఉండొచ్చు. అప్లికేషన్‌లో ఇప్పటి జిల్లానే రాయండి, పత్రం కొత్తది తీసుకోండి. పేరు ఇంకా ముఖ్యం. మన ఇంటిపేర్లు ఆధార్‌లో వెనక, టెన్త్ మెమోలో ముందు, కులం సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరంగా ఉంటాయి. టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా మిగతావన్నీ అలాగే మార్పించుకోండి, నాన్న పేరు, అమ్మ పేరు కూడా. ఎన్‌డీఏ పరీక్ష ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి ఉంటాయి, నోటిఫికేషన్లు మామూలుగా డిసెంబర్‌లో, మేలో పడతాయి. ఆధార్ సరిచేయడానికి నాలుగుసార్లు తిప్పుతారు, అప్లికేషన్ చివరి తేదీ మాత్రం మీ కోసం ఆగదు.