నలుగురు, నలభై ఏళ్లు, ఒక వయోలా

నమస్కారం. వెనకవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందే చెప్పేస్తున్నా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, వినేవాణ్ణి అంతే. ఎప్పుడో కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన పోసి అమ్ముతుంటే ఒక క్యాసెట్ కొన్నాను. కవరు మీద సూట్లేసుకుని నలుగురు, ముగ్గురి చేతుల్లో వయొలిన్లు, ఒకాయన ముందు నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం, చెల్లో. ఆ మూడో వయొలిన్ వయొలిన్ కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. దాని పేరు వయోలా. చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ కాస్త పెద్దది, శ్రుతి కిందికి ఉంటుంది, గొంతు ముదురు. ఇవాళ నా మాటలు చాలావరకు ఆ వయోలా చుట్టూనే తిరుగుతాయి.

ఆ నలుగురూ అమెడియస్ క్వార్టెట్, క్వార్టెట్ అంటే నలుగురు కలిసి వాయించే బృందం. (మన దగ్గర 'ఆ నలుగురూ' అంటే వేరే అర్థం ఉందనుకోండి, దాని దగ్గరకీ వస్తాను.)

1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక, వియన్నా నుంచి యూదుల పిల్లలు చాలామంది ఇంగ్లండ్ పారిపోయి వచ్చారు. వాళ్లలో నార్బర్ట్ బ్రైనిన్, పీటర్ షిడ్లాఫ్, జీగ్మండ్ నిస్సెల్ ఉన్నారు, ముగ్గురూ వయొలిన్ వాయించేవాళ్లే. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం వీళ్లని 'శత్రుదేశస్థులు' అని పట్టుకెళ్లి క్యాంపుల్లో పెట్టింది. ఎవరికి భయపడి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారో వాళ్ల మనుషులే అని అనుమానం! వయసు చూస్తే పద్ధెనిమిదికి అటూ ఇటూ. ప్రీస్ హీత్ క్యాంపులో బ్రైనిన్‌కి షిడ్లాఫ్ దొరికాడు. తర్వాత షిడ్లాఫ్‌ని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి పంపితే అక్కడ నిస్సెల్ దొరికాడు. బయటికొచ్చాక ముగ్గురూ మాక్స్ రోస్టాల్ అనే గొప్ప గురువు దగ్గర చేరారు, ఆయన వీళ్ల దగ్గర ఫీజు తీసుకోలేదు. చెల్లోకి లండన్ కుర్రాడు మార్టిన్ లవెట్ కలిశాడు.

ఇక్కడే చిక్కు. స్ట్రింగ్ క్వార్టెట్‌కి కావలసింది రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వీళ్లకేమో వయొలిన్లే మూడు. ఎవరో ఒకరు మారాలి, షిడ్లాఫ్ మారాడు. మన కచేరీ అలవాటుతో చూస్తే ఇది దిగిపోవడంలా అనిపిస్తుంది, ఎందుకంటే మనకి మధ్యలో ఒక విద్వాంసుడు, చుట్టూ పక్కవాద్యాలు. క్వార్టెట్‌లో పక్కవాద్యం అన్నదే లేదు. మంచి క్వార్టెట్ వింటుంటే మాట ఒకరి నోట మొదలై ఇంకొకరి నోట పూర్తవుతుంది, మధ్యలో ఉండే వయోలా తడబడితే పైనా కిందా రెండూ విడిపోతాయి. నిస్సెల్‌దీ అలాంటి పనే, రెండో వయొలిన్. లెక్కలూ ప్రోగ్రాముల డేట్లూ కూడా ఆయనే చూసుకునేవాడు, ప్రతి ఇంట్లోనూ అలాంటివాడు ఒకడుంటాడు కదా.

1947 వేసవిలో డార్టింగ్టన్‌లో బ్రైనిన్ క్వార్టెట్ పేరుతో మొదటిసారి వాయించారు. అక్కడ పాఠాలు చెప్పే ఇమోజెన్ హోల్స్ట్ మురిసిపోయి, లండన్ విగ్మోర్ హాల్లో కచేరీ కోసం 100 పౌండ్లు ఇచ్చింది. 1948 జనవరి 10న అక్కడ కూర్చునేసరికి పేరు అమెడియస్, స్వరకర్త మొజార్ట్ పేరులోని ముక్క, నిస్సెల్ సూచించాడట. మొజార్ట్ మొదటి పేరు వుల్ఫ్‌గ్యాంగ్ కాబట్టి వీళ్లని సరదాగా 'వుల్ఫ్ గ్యాంగ్', అంటే తోడేళ్ల గుంపు అనేవాళ్లు.

తర్వాత రికార్డులూ ప్రపంచ యాత్రలూ, అవన్నీ వదిలేస్తాను. ఒక్క సంగతి చెప్పాలి. ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ తన మూడో క్వార్టెట్ (అలాంటి బృందం కోసం రాసే రచననీ క్వార్టెట్ అనే అంటారు) రాసేనాటికి గుండె జబ్బుతో బాగా నీరసించిపోయాడు. 1976 సెప్టెంబరులో వీళ్లు ఆయన ఇంటికి వెళ్లి ఆయన ముందే దాన్ని వాయించి చూపించారు. డిసెంబరు 4న ఆయన పోయాడు. 19న స్నేప్ మాల్టింగ్స్‌లో, ఆయన లేని హాల్లో, మొదటి ప్రదర్శన. ఆ నలుగురూ మోయాల్సింది మోశారు.

1987లో షిడ్లాఫ్ గుండెపోటుతో పోయాడు. అప్పటికి దాదాపు నలభై ఏళ్లు, ఒక్క మనిషీ మారలేదు. మిగతా క్వార్టెట్లయితే కొత్తవాణ్ణి తెచ్చుకుని పేరు నడిపిస్తాయి, అందులో తప్పేం లేదు. వీళ్లు మాత్రం ఆపేశారు. నన్నడిగితే వాళ్ల రికార్డులన్నీ ఒక ఎత్తు, ఆ ఆపేయడం ఒక ఎత్తు.

షిడ్లాఫ్ చేతిలోని వయోలా 1719లో స్ట్రాడివరీ అనే పేరుమోసిన వాద్యాల తయారీదారు చేసింది. 2014లో అమ్మకానికి పెట్టి కనీస ధర 4.5 కోట్ల డాలర్లు అన్నారు, ఎవరూ కొనలేదు.

ఇప్పుడు బ్రిటెన్ మూడో క్వార్టెట్ చివరి భాగం పెడతాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. పైన పాడే వయొలిన్‌ని కాసేపు వదిలేసి, మధ్యలో ముదురు గొంతు ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోండి. అయిపోయిందో లేదో తెలియకుండా ఆగుతుంది, తొందరపడి చప్పట్లు కొట్టకండి.